పులికి చోటు – ఊరికి మాట
(చదువుల కేంద్రంలో మహిళలకు ఇచ్చిన ప్రసంగం)



ఈ రోజు మాట అడవి గురించి. అడవి మీకు కొత్త కాదు. ఇప్పపువ్వు ఏరిన చేతులు మీవి. తునికాకు కోసి కట్టలు కట్టిన చేతులు మీవి. అయితే అడవి మీద కాగితాలు కూడా ఉంటాయి. వాటిలో ఏముందో ఇప్పుడు మీరే చదువుకోగలరు.

ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవి ఉంది. టేకు, వెదురు పెరిగే అడవి. దుప్పులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే అడవి. 2012లో ప్రభుత్వం దీన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించింది. అభయారణ్యం అంటే జంతువులకు భయం లేని అడవి. అక్కడ వేటాడటం నేరం.

ఇందులో రెండు భాగాలున్నాయి. లోపలి భాగాన్ని కోర్ అంటారు. గుడికి గర్భగుడి ఎట్లాగో అడవికి కోర్ అట్లా. ఇది సుమారు 893 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్న భాగాన్ని బఫర్ అంటారు. ఇది సుమారు 1,123 చదరపు కిలోమీటర్లు. రెండింటికీ నియమాలు ఒకటి కావు. అందుకే మీ ఊరు ఏ భాగంలో ఉందో ముందు తెలుసుకోవాలి.

పులికి ఇంత చోటు ఎందుకు? ప్రతి పులికీ సొంత ఇలాకా కావాలి. పిల్లలు ఎదిగితే తల్లిని విడిచి కొత్త చోటు వెతుక్కుంటాయి. మహారాష్ట్రలోని తాడోబా అడవి నుంచి పులులు ఇటు వచ్చేది అందుకే. దారిలో అడవి తెగిపోతే పులి చేలల్లో నుంచి నడుస్తుంది. అప్పుడు పశువుకూ ముప్పే, మనిషికీ ముప్పే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపింది.

ఈ పులుల దారిని కాపాడాలని 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం జీవో 49 తెచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1 లక్షా 49 వేల హెక్టార్ల అడవిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. తమ భూములు, హక్కులు పోతాయని ఆదివాసులు ఆందోళన చేశారు. బంద్ పాటించారు. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. పులికి చోటు కావాలి, నిజమే. కానీ ఊరి మాట వినకుండా గీసిన గీత నిలవదు.

ఇక చూడవచ్చేవాళ్ల సంగతి. జన్నారంలో బస చేయడానికి గదులున్నాయి. బండ్లలో అడవిలోకి తీసుకుపోయి జంతువులను చూపిస్తారు. దీన్నే సఫారీ అంటారు. దీనికీ హద్దులున్నాయి. పులుల అడవుల్లో కోర్ భాగంలో ఐదో వంతుకు మించి సందర్శకులను తిప్పకూడదని 2012లో కేంద్రం నియమం పెట్టింది. కోర్‌లో కొత్తగా గదులు, హోటళ్లు కట్టకూడదని కూడా చెప్పింది. ఊరివాళ్లను బయటికి పంపి, షికారుకొచ్చినవాళ్లకు మేడలు కడితే అది న్యాయం కాదు గదా!

కోర్‌లో ఉన్న రాంపూర్, మైసంపేట ఊళ్లు 2024లో బయటికి వచ్చాయి. మొత్తం 142 కుటుంబాలు. వీటిలో 94 కుటుంబాలు భూమి, ఇల్లు కోరుకున్నాయి. 48 కుటుంబాలు డబ్బు కోరుకున్నాయి. డబ్బు తీసుకుంటే కుటుంబానికి 15 లక్షల రూపాయలు. డబ్బు చేతికి వచ్చినంత తొందరగా పోతుంది. భూమి నిలుస్తుంది, కానీ నీళ్లు లేని భూమి అన్నం పెట్టదు. అందుకే ఏది మేలో ఇంట్లో ఆడా మగా కూర్చుని తేల్చుకోవాలి.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఈ లెక్కలో కుటుంబం అంటే ఇల్లు మాత్రమే కాదు. భర్త చనిపోయిన స్త్రీ ఒక కుటుంబం. విడాకులు పొందిన స్త్రీ ఒక కుటుంబం. 18 ఏళ్లు దాటిన, పెళ్లికాని ఆడపిల్ల కూడా ఒక కుటుంబమే. జాబితాలో వాళ్ల పేరు విడిగా ఉండాలి. అన్న పేరు కిందో, మరిది పేరు కిందో కలిపితే వాళ్ల వాటా పోయినట్టే.

2006 అటవీ హక్కుల చట్టం ఏం చెబుతోంది?

1. ఊరిని తరలించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి. బలవంతం ఉండకూడదు.
2. గ్రామసభకు సభ్యుల్లో సగం మందైనా రావాలి. వచ్చినవారిలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలి.
3. కొత్త చోట భూమి, వసతులు సిద్ధం కాకముందే ఊరిని కదిలించకూడదు.
4. పెళ్లయినవారికి అటవీ హక్కు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇవ్వాలి.

అక్కలారా! మునుపు కాగితం వస్తే వేలిముద్ర వేసేవారు. ఇప్పుడు సంతకం వచ్చింది. కానీ సంతకం కన్నా ముందు చదువు రావాలి. పైనుంచి కిందిదాకా చదవండి. తెలియని మాట ఉంటే ఆపి అడగండి. తీర్మానం రాయకముందే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సభలో వెనక వరసలో కూర్చున్న మాట ఎవరికీ వినపడదు. ముందుకు రండి. మాట్లాడండి.

పులి బతకాలి. అడవి బతకాలి. అడవిని నమ్ముకున్న ఆడబిడ్డ కూడా బతకాలి.

ఆలోచించండి – చర్చించండి

1. కోర్‌కూ బఫర్‌కూ తేడా ఏమిటి?
2. 15 లక్షల డబ్బు మేలా? భూమి, ఇల్లు మేలా? ఎందుకు?
3. మీ ఊరి గ్రామసభకు కిందటిసారి ఎంతమంది ఆడవాళ్లు వెళ్లారు? ఎంతమంది మాట్లాడారు?