తన్ను ఎక్కడ పుడుతుంది?

మీలో సగంమంది సాంచలు, అంటే మరమగ్గాలు, ఆపేసి నేరుగా వచ్చారని తెలుసు, అందుకే సాంచ దగ్గరే మొదలుపెడతా. నాడెను కొట్టే కర్ర కింది కొస బిగించి ఉంటుంది, పై కొస విసురుతుంది. ఆ కింది బిగింపు వదులైతే నాడె సగం దారిలో చిక్కుకుంటుంది, పోగులు తెగుతాయి. ఆ తిప్పలు సాంచలు నడిపే మన లింబాయత్‌లో నేను చెప్పాలా!

తన్ను కూడా అంతే, నేల మీదున్న కాలిలోనే పుడుతుంది. తమ్ముడూ, ఇటు రా. కుడికాలితో ఈ ప్యాడ్‌ను తన్ను... ఆగు. అందరూ ఎడమకాలు చూడండి. వేళ్లు ముందుకే ఉన్నాయి, నడుము తిరగలేదు. ఇప్పుడు ఆ మడమను నా వైపు తిప్పి తన్ను. చప్పుడు విన్నారా? నా చెయ్యే పక్కకు జరిగింది. కుర్రాడి బలం ఒక్క నిమిషంలో పెరగలేదుగా!

ఒక్కో పోరు విద్యలో తన్ను ఒక్కోలా ఉంటుంది. తైక్వాండోలో పాదం పైభాగంతో తాకించి చటుక్కున వెనక్కి లాగుతారు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు, ఆ లెక్కే దాని ప్రాణం. 2000లో సిడ్నీ నుంచి అది ఒలింపిక్ పతకాల ఆట. పొట్టకు తగిలిన తన్నుకన్నా తలకు తగిలినదానికి పాయింట్లు ఎక్కువ, అందుకే కాళ్లు అంతెత్తు లేస్తాయి. థాయ్‌లాండ్ ముయే థాయ్‌లో ముంగాలి ఎముకతో కొడతారు. కాలు వెనక్కి లాగరు, ఒంటి బరువంతా ఎదుటివాడిలోంచి దూసుకుపోయేలా ఊపుతారు.

1988లో లాస్ వేగాస్‌లో అమెరికన్ కిక్‌బాక్సర్ రిక్ రూఫస్, థాయ్ వీరుడు ఛాంగ్‌పుయెక్ తలపడ్డారు. మొదటి రౌండులోనే రూఫస్ అతని దవడ విరగ్గొట్టాడు. ఛాంగ్‌పుయెక్ మాత్రం తొడ మీద తన్నుతూనే ఉన్నాడు. తొడ కండ లోపలి ఎముకకూ, తగిలే ఎముకకూ మధ్య నలుగుతుంది. చివరికి రూఫస్ నిలబడలేకపోయాడు. చూడ్డానికి ఏమంత అందం లేదు. మన ‘తమ్ముడు’ సినిమా చూసి కిక్‌బాక్సింగ్‌కు వచ్చిన కుర్రాళ్లకు ఈ దెబ్బ అసలు నచ్చేది కాదు!

అయితే ఎముక ఎదురుదెబ్బ కూడా తింటుంది. 2013లో ఒక పోటీలో ఫైటర్ అండర్సన్ సిల్వా తన్నును అతని ప్రత్యర్థి క్రిస్ వైడ్‌మన్ మోకాలితో ఆపాడు, విరిగింది సిల్వా కాలే. 2021లో అదే వైడ్‌మన్ ఇంకొకణ్ని తన్నబోయి తన కాలు అలాగే విరగ్గొట్టుకున్నాడు.

ఇక వీధిలో ఎవడైనా మీద పడితే తల దాకా కాలెత్తకండి. ఒంటికాలి మీద ఉన్నవాణ్ని చిన్నపిల్లాడైనా పడేస్తాడు. మోకాలి కిందే తన్ని పరిగెత్తండి. ఇప్పుడు చెప్పులు విప్పి ఒక్కొక్కరే ప్యాడ్ దగ్గరికి రండి. అక్కా, మీరూ రండి, అంత కిందికి తన్నడానికి చీర అడ్డం రాదు.