మూతపడిన వడ్రంగి షెడ్డు మళ్లీ తెరుస్తున్నారా? మొదటి వారం ఏం చేయాలంటే...

ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు, అందులో నాయనదో మామదో ఒక పాత పనిబల్ల, నాలుగు ఉలులు, ఒక మోటారు మిషన్... మూడు నాలుగేళ్లుగా తాళం తీయలేదు. ఇప్పుడు ఊరికొచ్చి "మళ్లీ చెక్కపని మొదలుపెడదాం" అనుకుంటున్నారా? ఈ ఎపిసోడ్ మీకోసమే.

మన గడివేముల చుట్టుపక్కల ఇట్లాంటి షెడ్లు ఎందుకు మూతపడినాయో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు వడ్రంగి పనంటే నాగలి, గొర్రు, గుంటక, బండి చక్రం. ఏరువాక వచ్చేలోపు అవన్నీ బాగుచేసి రైతు చేతిలో పెట్టాలి. ట్రాక్టర్లు వచ్చి ఆ పని పోయింది. రెడీమేడ్ తలుపులు వచ్చి మిగిలిన పనీ తగ్గింది. అయినా పీట, మంచం, కిటికీ, తలుపు రిపేరు చేసే మనిషి కోసం ఊర్లో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. పని ఉంది.

అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చెయ్యి పని మరిచిపోదు. కానీ మీరు లేనప్పుడు షెడ్డులో ఉన్నవన్నీ మారిపోయి ఉంటాయి. వైరు ఎలుక కొరికి ఉంటుంది, సుత్తి పిడి ఎండి వదులై ఉంటుంది, బ్లేడు తుప్పు పట్టి ఉంటుంది. చేతికి ఆ సంగతి తెలీదు, పాత నమ్మకంతోనే పోతుంది. అందుకే తాళం తీసిన రోజే మిషన్ ఆన్ చేయొద్దు. తేడా వస్తే పోయేది వేలు. మొదటి వారం షెడ్డుకే ఇచ్చేయండి.

మొదటి రోజు: తలుపు తీసి ఊరికే చూడండి. బూట్లు వేసుకోండి, టార్చి పెట్టుకోండి. చెక్కల కుప్పలో నేరుగా చెయ్యి పెట్టొద్దు, కర్రతో కదిలించి చూడండి. తేళ్లు, పాములు ఉండే చోటు అదే. ఒకవేళ పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏవీ వద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, ప్రభుత్వాసుపత్రికి పోండి.

తర్వాత చెదలు. గోడ మీదుగా బల్ల కాలికి మట్టి గీత పాకిందంటే లోపల పని జరుగుతున్నట్టే. సుత్తితో తట్టండి, బోలు శబ్దం వస్తే ఆ కర్ర నమ్మొద్దు. కింద మెత్తటి పిండి రాలి ఉంటే అది పుప్పి. అట్లాంటివి వేరు చేసి బయట పడేయండి. బల్ల కాళ్లు మట్టి మీద ఆనకుండా కింద నాపరాయి ముక్కలు పెట్టండి. బేతంచెర్ల పక్కనే ఉంది, నాపరాయికి మనకేం కొదవ!

రెండో రోజు: కరెంటు. ముందు మెయిన్ ఆపేయండి. స్విచ్‌బోర్డు విప్పి చూడాల్సింది ఎలక్ట్రీషియనే. ఆయన్ని రెండు అడగండి. ఒకటి, ఎర్తింగ్ పనిచేస్తోందా? మన ఎండలకి నేల ఎండిపోతే ఎర్త్ గుంత కూడా ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. రెండు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా? లేకపోతే పెట్టించండి. కరెంటు లీకై మనిషి గుండా పోతుంటే సెకనులో చిన్న వంతులోనే సరఫరా ఆపేసేది అదే. మామూలు ఎమ్‌సీబీ ఆ పని చేయదు.

మూడో రోజు: మిషన్లు. ప్లగ్గు తీసేసి, బ్లేడును చేత్తో నిదానంగా తిప్పి చూడండి. గరగర అంటే బేరింగ్ పోయింది. బెల్టు వంచితే పగుళ్లు కనిపిస్తే మార్చాలి. చేతి డ్రిల్లు, కట్టర్లలో కార్బన్ బ్రష్‌లు విప్పి చూడండి, అరిగి పొట్టిగా అయివుంటే కొత్తవి వేయండి, పెద్ద ఖర్చేం కాదు. ఆ తర్వాతే ప్లగ్గు పెట్టి, పక్కకు నిలబడి స్విచ్ వేయండి. సింగిల్ ఫేజ్ మోటారు "హుమ్..." అని మూలుగుతూ తిరగకపోతే వెంటనే ఆపేయండి. చాలాసార్లు అది కెపాసిటర్ పోయిన గుర్తు. అట్లే వదిలేస్తే మోటారే కాలిపోతుంది. ఆపినాక కూడా కెపాసిటర్ కొనలు ముట్టుకోవద్దు, అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు. బ్యాటరీ డ్రిల్లయితే మీ ఫోన్ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్ పెట్టనే పెట్టొద్దు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. యాంగిల్ గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి వాడటం చాలాచోట్ల చూస్తుంటాం. వద్దు తమ్ముడూ! ఆ మిషన్ నిమిషానికి సుమారు 11 వేల సార్లు తిరుగుతుంది. పన్ను చెక్కలో ఇరుక్కుందంటే మిషన్ మన మీదికే ఎగురుతుంది, చెయ్యి వెనక్కి తీసుకునే టైమ్ ఉండదు. ఏ కట్టరైనా సరే, బ్లేడు మీద రాసిన వేగం మిషన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి, గార్డు తీయకూడదు. భుజం మీద తువ్వాలు, లుంగీ, చున్నీ, వదులు చొక్కా చేతులు, ఇవేవీ తిరిగే మిషన్ దగ్గర ఉండొద్దు. చేతి గ్లవ్స్ కూడా వద్దు, బ్లేడు వాటిని లాక్కుంటే చెయ్యి కూడా పోతుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

నాలుగు, ఐదో రోజులు: చేతి పనిముట్లు. ముందు పిడులు. సుత్తి తల, బాడిశ తల ఊగుతున్నాయేమో చూడండి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊర్లో రేకుల కింద కర్ర ఎండి కుంచించుకుపోతుంది. నీళ్లలో నానబెడితే రెండు రోజులు బిగుతుగా ఉండి మళ్లీ వదులవుతుంది. కొత్త చీలిక కొట్టండి, లేదా పిడే మార్చండి.

తుప్పు పట్టిన ఉలిని వెనిగర్‌లో ఒక రాత్రి ఉంచి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి నూనె రాయండి. ఇప్పుడు సాన. ముందు ఉలి వెనక భాగం చదును కావాలి. సానరాయి గుంటపడి ఉంటే, చదునైన మందపాటి గాజు మీద ఉప్పుకాగితం అతికించి దాని మీద రుద్దండి. తర్వాత వాలు వైపు, 25 నుంచి 30 డిగ్రీలు. వెనకవైపు వెంట్రుకలాంటి గరుకు తగిలేదాకా రుద్ది, దాన్ని తీసేయండి. గ్రైండర్ మీద పడితే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఆ ఇనుము పదును నిలపదు. పదును చూడటానికి బొటనవేలు వద్దు, కాగితం కోసి చూడండి. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి మొద్దుబారిన ప్రతిసారీ పని ఆపి పదును పెట్టుకుంటారు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, బలం పెట్టినప్పుడే అది జారుతుంది.

మూలమట్టం సరిగ్గా ఉందో లేదో ఇట్లా చూడొచ్చు. నేరుగా ఉన్న పలక అంచుకి ఆనించి గీత గీయండి, తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ కలిస్తే మంచిదే. విడిపోతే దాంతో చేసిన ప్రతి తలుపూ వంకరే.

ఆరో రోజు: చెక్క. కొత్తది కొంటే డిపోలో బిల్లు తీసుకోండి. నల్లమల నుంచి దొంగతనంగా వచ్చిన టేకు చౌకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు, కేసు మీ మెడకి చుట్టుకుంటుంది. మనకి ఇంకో దారి ఉంది. పాత మట్టి మిద్దెలు కూల్చేటప్పుడు దూలాలు, దంతెలు వస్తాయి. ఏళ్ల తరబడి ఆరిన కర్ర అది. కాకపోతే చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో మేకులు వెతకండి. పాత స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, అది చాలు.

ఏడో రోజు: మొదటి పని. ఆర్డరు తీసుకోవద్దు. మిషన్‌లో చెక్కను తోయడానికి ఒక తోసే కర్ర, తర్వాత మీ ఇంటికే ఒక పీట చేయండి. చెయ్యి, కన్ను మళ్లీ కుదురుకుంటాయి. ఒక మాట, కోసేటప్పుడు రీల్ తీయొద్దు. ఫోన్ స్టాండుకి పెట్టినా కన్ను దాని మీదికే పోతుంది. పని ఆపి, ప్లగ్గు తీసి, అప్పుడు తీసుకోండి.

డబ్బు సంగతి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15 వేల దాకా, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు ఇచ్చేలా పెట్టారు. కుటుంబంలో ఒక్కరికే. ఇప్పుడు నమోదు జరుగుతోందా అని ముందు దగ్గర్లోని సీఎస్‌సీ సెంటర్‌లో కనుక్కోండి. మధ్యవర్తికి డబ్బులివ్వొద్దు.

చివరగా, దసరాకి ఆయుధ పూజ చేస్తాం కదా. పసుపు కుంకుమ పెట్టే ముందు పనిముట్లన్నీ తీసి, తుడిచి, నూనె రాసి, పిడులు చూస్తే ఏడాదికి ఒక సర్వీసింగ్ అయిపోయినట్టే. అట్లా చేస్తే షెడ్డు మూసినా పాడు కాదు. మీ షెడ్డు తెరిచినాక మొదట ఏం చేశారో కింద కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పీటకు కాళ్లు ఊగకుండా బిగించడం చూద్దాం. జాగ్రత్తగా పని చేసుకోండి, ఉంటాను.