ఛాత్రోపాధ్యాయులు – మిశ్రమ బోధన



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న మన బిడ్డలను గూర్చియే మా మనవి.

గురుముఖమున వినుటయు, యంత్రసాహాయ్యమున ఇంట చదువుటయు కలిసిన పద్ధతిని మిశ్రమ బోధన యందురు. ఇది మనకు మిక్కిలి క్రొత్తది కాదు. 2017లో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారు, శిక్షణ లేకయే బడులలో పనిచేయుచున్న లక్షలాది ఉపాధ్యాయులకు 'స్వయం' వేదికపై పాఠములు చెప్పించి, అధ్యయన కేంద్రములలో ముఖాముఖి తరగతులను కూడ నడపిరి.

అయినను హిమాయత్‌సాగరు గట్టున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి నిబంధనలు రెండేండ్ల బి.ఎడ్. శిక్షణలో 20 వారములు బడి అనుభవమునకు విధించుట ఇందులకే. కావున సిద్ధాంతపాఠమును ఫోనున విని, మిగిలిన కాలమును పిల్లల యెదుట గడుపవలెను. 1960 తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రూపొందిన సూక్ష్మబోధనలో ఛాత్రోపాధ్యాయుడు కొన్ని నిమిషములు పాఠము చెప్పును. గురువును తోడివారును తప్పొప్పులు చెప్పుదురు. అతడు దిద్దుకొని మరల చెప్పును. నేడు ఆ పాఠమును ఫోనున చిత్రించి చూచుకొన్నచో, పిల్లలకు వీపు త్రిప్పి నల్లబల్లతోనే మాటలాడితినని తానే కనుగొనగలడు. యంత్రము చేయు మేలు ఇట్టిది.

కాని మేమెరిగిన యిండ్లలో ఫోను ఒక్కటే. తండ్రి కూరగాయలతో అంగడికి పోయినచో అదియు ఆయన వెంట పోవును. సాయంకాలము అన్నదమ్ముల వంతు. ఆడుబిడ్డకు అది చేతికి వచ్చునప్పటికి ఇల్లంతయు నిద్రించును. హాజరు పడును గాని విద్య అబ్బదు. ఫోనున పాఠమున్నది గదా యని తరగతులను తగ్గించుట మిశ్రమము కాదు. పాలలో నీరు కలుపుటయే.

కనుక దాతలకు మా విన్నపము: చేవెళ్లయం దొకటి, మొయినాబాదునం దొకటి చదువుటిండ్లు నెలకొల్పుడు. నాలుగు కంప్యూటర్లు, అంతర్జాలము, ఆడుబిడ్డలు నిశ్చింతగా కూర్చుండుటకు చోటు, వారమున కొకనాడు వారి పాఠము విని దిద్దు విశ్రాంత ఉపాధ్యాయుడు – ఇంతియే చాలును. నేడు ఒక్క ఛాత్రోపాధ్యాయురాలికి చేసిన సాయము రేపు ఆమె తరగతిలోని పిల్లలందరికిని చేరును. గోడపై చెక్కిన పేరుకన్న ఈ దానము చిరకాలము నిలుచునని మా దృఢవిశ్వాసము.