దెబ్బకు బలం పాదాల నుంచి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో చిర్రగోనె (కర్రాబిళ్ళ) ఆట ఎరగని పెద్దవాళ్ళు ఉండరు. గాల్లోకి లేచిన చిర్రను, అంటే చిన్న పుల్లను, గోనె అనే పొడవు కర్రతో బాదితే, కండలున్న పిల్లవాడిది ఒక్కోసారి దగ్గరే పడుతుంది, బక్కవాడిది కంచె దాటుతుంది. ఎందుకిలా? ఇదే ప్రశ్నను గోల్ఫ్ ఆటలో శాస్త్రవేత్తలు చాలా లోతుగా పరిశీలించారు.

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు లోపే. కర్ర దాన్ని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు. ఆ కాస్త సమయానికి వేగమంతా కర్ర చివరికి చేరి ఉండాలి. ఆ వేగం చేతుల్లో పుట్టదు. కుడిచేతివాటం ఆటగాడు ముందు ఎడమ పాదంతో నేలను అదుముతాడు. తుంటి తిరుగుతుంది, తర్వాత ఛాతీ, ఆపైన చేతులు, చివరన మణికట్టు. ఒక్కో భాగం నెమ్మదిస్తూ తన వేగాన్ని తర్వాతి దానికి అందిస్తుంది. చెర్నకోల పిడి ఆగినప్పుడే కదా కొస ఛెళ్ళుమనేది! పిడికిలి మరీ బిగిస్తే ముంజేయి బిగుసుకుని, మణికట్టు వేళకు వదలదు. కండలవాడి చిర్ర దగ్గరే పడడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

ఇక మనసు సంగతి. పైకెత్తిన కర్ర కిందికి దిగి బంతిని తాకడానికి పట్టేది సుమారు పావు సెకను. కంటితో చూసి చెయ్యి కదపడానికే మనకు సెకనులో అయిదో వంతు కావాలి. అంటే దెబ్బ మొదలయ్యాక దిద్దుకునే వ్యవధి దాదాపు లేదు. మనసు చేయవలసిన పనంతా ముందే అయిపోవాలి. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1992లో బంతిని గుంతలోకి నెట్టే ఆటగాళ్ళ చూపును కొలిచారు. నేర్పరులు కొట్టే ముందు చూపును బంతి మీద ఒకేచోట, ఎక్కువసేపు నిలిపారు. శాస్త్రవేత్త గాబ్రియేల్ వుల్ఫ్ పరిశోధనలదీ ఇదే దారి: మోచేయి ఎలా ఉందన్న ధ్యాస కన్నా కర్ర కదలిక మీద, బంతి చేరవలసిన చోటు మీద ధ్యాస మేలు.

మన తెలుగువాళ్ళలోనూ ఒక గోల్ఫ్ ఆటగాడు ఉన్నాడు, సాహిత్ తీగల. తల్లిదండ్రులది హైదరాబాదు, పుట్టింది కాలిఫోర్నియాలో. అతని వెన్నెముక పక్కకు వంగి ఉంటుంది. అందుకే అతని ఊపు పుస్తకాల్లోని బొమ్మలా ఉండదు. అయినా 2023లో నాపాలో పీజీఏ టూర్ పోటీ గెలిచాడు. 2024లో అట్లాంటాలో ఇసుక గుంటలో కర్ర వెనక్కి తీస్తుండగా అది నిబంధనకు విరుద్ధంగా ఇసుకను తాకిందనిపించి, తానే చెప్పి రెండు దెబ్బల జరిమానా వేసుకున్నాడు. అంత నిశితమైన ఎరుక నాకెంతో గొప్పగా తోస్తుంది.

వెన్ను మాట వచ్చింది కాబట్టి పారపనికి పోయే అన్నలకూ అక్కలకూ ఒక మాట. నడుములోని అయిదు పూసలూ కలిసి పక్కకు తిరిగేది కొద్ది డిగ్రీలే. మెలికను భరించవలసింది తుంటి. మట్టి ఎత్తి పక్కకు వేసేటప్పుడు పాదాలు కూడా అటే తిప్పండి, మోకాళ్ళు కాస్త వంచండి. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించుకోండి. మూత్రం రాకుండా ఆగిపోయినా, పట్టు తప్పినా, కాళ్ళలో బలం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.