అక్షరం లేని డ్రైవ్

తప్పు నాదేనని ముందే చెప్పేస్తున్నాను. మా ఇంటి కంప్యూటర్‌లో సి డ్రైవ్ నిండిపోయింది. డి డ్రైవ్‌లో బోలెడంత చోటుంది కానీ, రెండింటి మధ్య అక్షరం లేని చిన్న భాగమొకటి అడ్డు. విండోస్ దాన్ని కదపనివ్వలేదు. నెట్‌లో దొరికిన ఒక పార్టిషన్ సాఫ్ట్‌వేర్ కదిపింది. పనిలో పనిగా దాన్ని కాస్త కుదించాను కూడా.

అది రికవరీ పార్టిషన్. కంప్యూటర్ తెరుచుకోక మొరాయిస్తే బాగుచేసే సరంజామా అందులోనే ఉంటుంది. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్‌కు ఆ భాగంలో 250 ఎంబీ ఖాళీ కావాలి. నేను ఉంచలేదు. పెట్టిన ప్రతిసారీ 80070643 అంటూ ఎర్రర్. డిస్కు జోలికే పోనివాళ్లకూ చాలామందికి ఇదే వచ్చింది, అదొక్కటే ఊరట!

సి డ్రైవ్‌లో సినిమాలన్నీ తీసేసినా లాభం లేకపోయింది. కావలసిన చోటు అక్కడ కాదు మరి. చివరికి సి డ్రైవ్‌ను 250 ఎంబీ తగ్గించి, రికవరీ భాగాన్ని పెద్దదిగా మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. ఆ పనికి ముందు మా నాన్నగారి ఫొటోలన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించాను. ఆయన ఇప్పుడు లేరు, ఆ ఫొటోలకు ఇంకో కాపీ లేదు. మొదట ఆ సాఫ్ట్‌వేర్ వేసిన రోజున మాత్రం నాకా ఆలోచనే రాలేదు.