లాటరీలో పేరు రాలేదు... ఇంట్లో ఏమని చెప్తారు?

కురుపాం నుంచి మాట్లాడుతున్నాను.

ఈరోజు టాపిక్ ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి సీటు. అది వస్తుందా రాదా అని ఇంటిల్లిపాదీ ఎదురు చూసే ఆ రోజుల గురించి. ముందే ఒక మాట. ఈ ఎపిసోడ్ అమ్మానాన్నల కోసం కాదు, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళ కోసం. ఎందుకంటే మన దగ్గర అప్లికేషన్ మీద సంతకం నాన్నదే అయినా, వెబ్‌సైట్ ఓపెన్ చేసేది డిగ్రీ చదివే పిన్నో, ఇంటర్ చదివే మేనమామో. ఓటీపీ వచ్చేది మీ నంబరుకి. రిజల్ట్ ముందు చూసేది మీరు. దాన్ని ఇంట్లో చెప్పాల్సిందీ మీరే. ఆ చెప్పడం గురించే ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు అసలు ఈ సీటు ఏంటో క్లియర్‌గా తెలుసుకుందాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద పిల్లలకీ, వెనకబడిన వర్గాల పిల్లలకీ ఇవ్వాలి. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఆ చదువు ఉచితం. 2012లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థలకి మాత్రం మినహాయింపు ఉంది. మన పక్క ఫలానా కాన్వెంట్ పేరు లిస్టులో కనబడలేదు అనుకుంటే, కారణం అదే అయ్యుండొచ్చు.

మరి మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడు మొదలైంది? హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడి, అమలు చేయాల్సిందే అని కోర్టు చెప్పాక, 2022-23 విద్యా సంవత్సరం నుంచి. అంటే చట్టం వచ్చాక ఇంకో పన్నెండేళ్ళు. 2010లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల, మన దగ్గర ఇది మొదలయ్యే నాటికి ఇంటర్ కూడా పూర్తిచేసే వయసుకి వచ్చేసింది. ఎదురుచూపు అనేది మీ ఒక్క ఇంటి కథ కాదు అని చెప్పడానికే ఈ లెక్క.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ లిస్టు ఎలా తయారవుతుంది?

నేను కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసి బతికినవాణ్ణి, కాబట్టి నా భాషలో చెప్తాను. ఎంపిక చేసే ప్రోగ్రాంకి రెండు విషయాలు తెలుసు. ఒకటి, మీకు అర్హత ఉందా: వయసు, కేటగిరీ, ఆదాయం, ఇంటి నుంచి బడి దూరం. రెండు, సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువ ఉంటే లాటరీ. అంతే. పిల్లకి అ ఆ లు వచ్చా, రైమ్స్ వచ్చా, నాన్న ఏం చదువుకున్నాడు, అమ్మ వేలిముద్ర వేస్తుందా, ఇలాంటివి అడిగే కాలమే అందులో లేదు.

పెట్టడం మర్చిపోయారని కాదు, పెట్టకూడదని చట్టమే చెప్తోంది. సెక్షన్ 13 ప్రకారం చేర్చుకునే ముందు పిల్లనిగానీ తల్లిదండ్రుల్నిగానీ స్క్రీనింగ్ చేయకూడదు. ఒక పిల్లని పక్కనపెట్టి ఇంకో పిల్లని ఎంచుకునే ఏ పద్ధతయినా స్క్రీనింగే, ఒక్క లాటరీలాంటి పద్ధతి తప్ప అని సెక్షన్ 2(ఓ) చెప్తుంది. ఇంటర్వ్యూ పెట్టి ఏరితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా.

దీన్ని ఇంకోలా చూడండి. ఆ లిస్టులో మీ పాప పేరు లేదంటే, పాపని ఎవరూ చూసి వద్దనలేదు. అసలు ఎవరూ చూడనే లేదు.

మా ఇంట్లో మేనకోడలి విషయంలో లిస్టులో పేరు లేదని చెప్పగానే మామ్మ అడిగిన మొదటి మాట: "అయితే గుంటకి సదువు రాదనీసారేటి?" పాప పక్కనే కూర్చుని వింటోంది. మామ్మ తప్పు కాదిది. ఆమె చూసిన లోకంలో లిస్టు అంటే పాసయినవాళ్ళ లిస్టు. పదో తరగతి రిజల్ట్ అయినా, గురుకులం ఎంట్రన్స్ అయినా, పేరు లేదంటే ఫెయిల్. ఈ లిస్టు ఆ టైపు కాదు. ఆ తేడా ఇంట్లో వివరంగా చెప్పగలిగేది ఫోన్ పట్టుకున్న మీరే. ఆరేళ్ళ పిల్ల మనసులో "నేను ఫెయిలయ్యాను" అనే మాట ఒకసారి పడితే, ఏ బడిలో వేసినా అది సంచీతో పాటే వెళ్తుంది.

ఇప్పుడు మన కొండల లెక్క చూద్దాం. కొంచెం చేదుగా ఉంటుంది, కానీ తెలియాలి.

మన రాష్ట్రంలో ఆ 25 శాతాన్ని నాలుగు ముక్కలు చేశారు. అనాథలు, హెచ్‌ఐవీ బాధితులు, దివ్యాంగులైన పిల్లలకి 5. ఎస్సీలకి 10. ఎస్టీలకి 4. మిగతా పేద వర్గాలకి 6. ఒక బడిలో ఒకటో తరగతికి 30 సీట్లున్నాయి అనుకోండి. అందులో 4 శాతం అంటే ఎంత? 1.2. అంటే ఒక్క సీటు. మన కురుపాం అసెంబ్లీ నియోజకవర్గమే ఎస్టీ రిజర్వుడు. జాతాపు, సవర కుటుంబాలు ఉన్న ఊళ్ళ మధ్య ఒక బడి, ఆ బడిలో ఎస్టీ వాటా ఒక్క సీటు. ఉదాహరణకి దానికి పన్నెండు మంది అప్లై చేశారంటే, పదకొండు ఇళ్ళలో ఆ రోజు పేరు రాదు. ఆ పదకొండు మందీ మంచి పిల్లలే.

రెండోది దూరం. మొదట బడికి ఒక కిలోమీటరు లోపల ఉన్నవాళ్ళకి ప్రాధాన్యం, తర్వాత మూడు కిలోమీటర్ల దాకా. విశాఖలోనో విజయనగరంలోనో ఇది బాగుంటుంది. ఒక కిలోమీటరు తిరిగితే నాలుగు బోర్డులు కనిపిస్తాయి. కొండ మీద గూడలో ఉన్న ఇంటికి మూడు కిలోమీటర్ల లోపల ప్రైవేటు బడి ఎక్కడుంటుంది? ఆటో దొరికే రోడ్డే అంతకంటే దూరం ఉన్న ఊళ్ళు మనకి తెలుసు. వాళ్ళకి లాటరీలో ఓడిపోయే చాన్స్ కూడా రాదు, ఆటలోనే ఉండరు.

కాబట్టి మనం కోపపడాల్సింది పిల్ల మీద కాదు, అప్లై చేసిన నాన్న మీద కాదు. ఈ రెండు నిబంధనల గురించి అడగాలి. పట్నం కొలతతో గీసిన ఒక కిలోమీటరు, మూడు కిలోమీటర్లు ఏజెన్సీకి సరిపోతాయా? ఎస్టీలే ఎక్కువున్న మండలంలో 4 శాతం న్యాయమేనా? గ్రామసభలో అడగండి, ఐటీడీఏలో అడగండి, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళని అడగండి. అడగాల్సిన చోట అడిగితే అది ఇంట్లో తిట్టుగా మారదు.

ఇంకో విషయం, ఎదురుచూపుకి ఖర్చు ఉంటుంది. మన దగ్గర అడ్మిషన్ల టైమూ, జీడిపిక్కల టైమూ దాదాపు ఒకటే. వేసవిలో పిక్కలు, చింతపండు అమ్మిన డబ్బు చేతికొస్తుంది. అదే టైములో ఇంకో ప్రైవేటు బడి వాళ్ళు "అడ్వాన్స్ కట్టి సీటు ఉంచుకోండి, తర్వాత అయిపోతాయి" అంటారు. ఫ్రీ సీటు లిస్టు ఇంకా రాలేదు. కట్టాలా, ఆగాలా? ఆ భయంతోనే ఏడాది కష్టం ఒక్క రోజులో కట్టేసే ఇళ్ళున్నాయి. కడితే కట్టండి, అది మీ ఇంటి నిర్ణయం. కానీ కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మాకు వేరే చోట సీటొస్తే ఇది వాపస్ ఇస్తారా?" జవాబు నోటి మాటగా వద్దు, రసీదు మీద రాయించుకోండి. రాయము అన్నారంటే, వాపస్ రాదనే అనుకుని నిర్ణయం తీసుకోండి.

మరి ఎదురుచూసే రోజుల్లో మన చేతిలో ఏముంది? నాలుగు పనులు.

ఒకటి, కాగితాలు. పిల్ల ఆధార్‌లో పేరు, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా చూడండి. అడ్రస్ ప్రూఫ్‌గా రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి పనికొస్తాయి. వయసు రుజువు కాగితం లేదన్న కారణంతో ఏ పిల్లనీ చేర్చుకోం అనకూడదని సెక్షన్ 14 చెప్తోంది. ఇంట్లో పుట్టిన పిల్లలున్న మన ఊళ్ళకి ఈ సెక్షన్ చాలా అవసరం.

రెండు, ఫోన్. అప్లికేషన్‌లో ఇచ్చిన నంబరు రీచార్జ్ అయి ఉందా? ఆ సిమ్ పని కోసం హైదరాబాద్ వెళ్ళిన అన్నయ్య దగ్గరుందా? గూడలో సిగ్నల్ లేకపోతే మెసేజ్ ఎప్పుడో వస్తుంది. సీటు వచ్చాక గడువు లోపల బడికి వెళ్ళి కన్ఫర్మ్ చేసుకోవాలి, లేదంటే అది చేజారుతుంది. అందుకని రోజూ ఒకసారి సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి మీరే చూడండి, లేదా సచివాలయంలో అడగండి. మొదటి లిస్టులో రాకపోతే రెండో లిస్టు వేస్తున్నారా అని కనుక్కోండి. మొదటి లిస్టు చూసి ఫోన్ పక్కన పడేయొద్దు.

మూడు, ఫీజు మాట. సీటు వచ్చాక కూడా బడి దగ్గర "ఫీజు ఎవరు కడతారు?" అనే ప్రశ్న రావచ్చు. 2023లో మన ప్రభుత్వం ఈ సీట్లకి ఫీజు ఖరారు చేసింది: పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. దాన్ని అప్పటి అమ్మఒడి డబ్బులోంచి తల్లిదండ్రులు కట్టాలన్నారు. ఈ ఫీజుల వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. 2025 నుంచి అమ్మఒడి స్థానంలో తల్లికి వందనం వచ్చింది. కాబట్టి బడి వాళ్ళు డబ్బు అడిగితే అక్కడ గొడవ పడకండి, భయపడి కట్టేయకండి కూడా. ఎంత, దేనికి అని కాగితం మీద ఇమ్మనండి. అది తీసుకుని ఎంఈవో ఆఫీసుకి వెళ్ళండి. చేర్చుకోం అంటే సెక్షన్ 32 ప్రకారం రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మూడు నెలల్లోపు తేల్చాలని చట్టంలో ఉంది. అక్కడా తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు.

నాలుగు, ఇది అన్నిటికంటే ముఖ్యం. పాపకి ఇప్పుడే ఒక బడి ఉండాలి. "సీటొస్తే ఆ బడి, రాకపోతే చూద్దాం" అని జూన్ అంతా ఇంట్లో కూర్చోబెట్టకండి. ఊళ్ళో ప్రభుత్వ బడిలో మొదటి రోజు నుంచే పంపండి. తర్వాత వేరే చోట సీటొస్తే మారొచ్చు. ఒకటో తరగతి లాటరీతో తలుపులన్నీ మూసుకుపోవు. ఐదో తరగతికి గురుకులాల ఎంట్రన్స్ ఉంది. ఆరో తరగతికి ఏకలవ్య మోడల్ స్కూళ్ళు ఉన్నాయి, నవోదయ ఉంది. వాటిలో పరీక్ష ఉంటుంది, చదివిన చదువు అక్కడ లెక్కకొస్తుంది. ఆ పరీక్ష నాటికి పిల్లకి చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా రావాలంటే, ఈ జూన్ వృథా కాకూడదు.

అమెరికాలో 2010లో 'వెయిటింగ్ ఫర్ సూపర్‌మ్యాన్' అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అక్కడా కొన్ని బడుల సీట్లకి లాటరీయే. హాల్లో కుటుంబాలు కూర్చుని ఉంటాయి, డ్రా తీస్తుంటారు, పిల్లలు అమ్మ మొహం వంక చూస్తుంటారు. లాటరీ అంటే ఏంటో ఆ పిల్లలకి సరిగ్గా తెలియదు. అమ్మ మొహం చదవడం మాత్రం తెలుసు. కురుపాంలో హాలు లేదు, మీ ఫోన్ స్క్రీనే హాలు. అక్కడ పాప చూసేది మీ మొహం.

కాబట్టి రిజల్ట్ వచ్చిన రోజు ఏం చేయాలి? ముందు మీరొక్కరే చూడండి. పేరుంటే గడువు తేదీ రాసుకోండి, తర్వాత సంబరం. పేరు లేకపోతే, పాప నిద్రపోయాకో, ఆడుకోడానికి వెళ్ళాకో, పెద్దవాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి: "నాన్నా, ఇది చీటీ తీసినట్టు. సీటు ఒకటి, అడిగినవాళ్ళు ఇంతమంది. మన పాపని ఎవరూ పరీక్షించలేదు. రెండో లిస్టు వేస్తారేమో కనుక్కుంటాను. సోమవారం నుంచి బడికి మాత్రం వెళ్తుంది." ఇంతే. "మన ఖర్మ" అనొద్దు. "పక్కింటోళ్ళకి వచ్చింది" అసలు అనొద్దు. పక్కింటి పాపకి వస్తే వాళ్ళింటికి వెళ్ళి సంతోషం అని చెప్పి రండి. రేపు ఆ పాప నోటుపుస్తకం మన పాపకి పనికొస్తుంది.

ఇంక పాపకి ఏం చెప్పాలి అంటే, ఆమె అడిగితేనే చెప్పండి. "ఆ బళ్ళో కుర్చీలు నిండిపోయాయమ్మా, నీ కుర్చీ ఈ బళ్ళో ఉంది" అనండి. అందులో అబద్ధం లేదు.

మీ ఇంట్లో ఈసారి అప్లై చేశారా? మీ గూడ నుంచి దగ్గర ప్రైవేటు బడి ఎన్ని కిలోమీటర్లు? కామెంట్స్‌లో ఊరు పేరు, దూరం రాయండి. పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం పెట్టకండి. ఆ దూరాలన్నీ ఒక షీట్‌లో వేసి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఒక కిలోమీటరు రూలు గురించి అడగడానికి వెళ్ళినప్పుడు మన చేతిలో లెక్క ఉంటుంది.

ఈ వీడియో ఫోన్ ఉన్నవాళ్ళకి షేర్ చేయండి, ఫోన్ లేని ఇంటికి వెళ్ళి నోటితో చెప్పండి. ఉంటాను, జాగ్రత్త.