కదలని కారు, వదలని బాధ్యత

పంచాయతీ సభ్యులారా!

గ్రామములలో చెట్లక్రింద కదలక నిలిచియున్న కార్లను చూచుచున్నాము. బండి నిలిచినను యజమాని బాధ్యత నిలువదు. అమ్మి, సొమ్ము పుచ్చుకొని, తాళములిచ్చినంతనే పని ముగియదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాష్ట్రములోనే అమ్మినవారు 14 దినములలో 29వ నంబరు ఫారములో రవాణా అధికారికి తెలుపవలెను. కొన్నవారు 30 దినములలో పేరు మార్పించుకొనవలెను. పలు చేతులు మారిన వాహనము ప్రమాదము చేసినపుడు, రిజిస్టరులో పేరున్నవారే పరిహారమునకు బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. బండి ఇక ఎన్నటికిని పనికిరానిదైనచో, 14 దినములలో, లేక వీలైనంత త్వరలో, ఆ సంగతి తెలిపి రిజిస్ట్రేషను పత్రమును పంపవలెను. దీనిని మీరు గ్రామసభలో చదివి వినిపింపుడు. ఒక కాగితము ఒక కుటుంబమును అప్పులపాలు కాకుండ కాపాడగలదని మా మనవి.